యూసుపోవ్ అంటే మన యూసుఫేనా? రష్యా ప్రభువుల ఇంటికి ఆ ఇంటిపేరు ఎలా వచ్చింది?

లంకల పాఠకుడు · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రష్యా చక్రవర్తి (జార్) కొలువులో పలుకుబడి ఉన్న సాధువు రాస్పుటిన్ హత్య గురించి చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. 1916 డిసెంబరులో అతన్ని తన మేడకు పిలిపించి చంపించినవాడు ప్రిన్స్ ఫెలిక్స్ యూసుపోవ్. ఆ పేరు చూడగానే మా ఊళ్ళో పడవల రేవు దగ్గర కిరాణా కొట్టు పెట్టుకున్న యూసుఫ్ గారు గుర్తొచ్చారు. మా నాయనమ్మ ఆయన్ని ఎప్పుడూ 'యూసుపు' అనే పిలిచేది, 'ఫ' ఆమెకు నోరు తిరిగేది కాదు.

రష్యాలో చర్చికి వెళ్ళే ప్రభువుల ఇంటికి ఈ పేరు ఎలా వచ్చింది? ఇంకో సందేహం కూడా ఉంది. ఫెలిక్స్ తండ్రి పుట్టింటి పేరు సుమరోకోవ్-ఎల్‌స్టన్ అని మరోచోట చదివాను. తండ్రిది ఒక ఇంటిపేరు, కొడుకుది ఇంకొకటా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రాజమండ్రి మాస్టారు · శుక్రవారం, రాత్రి 10:25

మీ నాయనమ్మగారు పలికిందే సరైనది బాబూ. యూసుఫే.

పదహారో శతాబ్దంలో వోల్గాకు తూర్పున, కాస్పియన్ సముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల్లో నొగాయ్‌లు ఉండేవాళ్ళు. టర్కిక్ భాష మాట్లాడే సంచార జాతి, ముస్లింలు. వాళ్ళ సంపదంతా గుర్రాలే. మాస్కో అశ్వదళానికి కావలసిన గుర్రాలు వేలకొద్దీ అక్కడినుంచే వచ్చేవి. వాళ్ళ పాలకుణ్ణి 'బీ' అనేవాళ్ళు. 1549 నుంచి ఆ గద్దె మీద ఉన్నవాడు యూసుఫ్. యూసుపోవ్‌ల మూలపురుషుడు ఇతనే.

యూసుఫ్ తండ్రి మూసా, మూసా తండ్రి వక్కాస్, వక్కాస్ తండ్రి నూరుద్దీన్, నూరుద్దీన్ తండ్రి ఎదిగెయ్. ఎదిగెయ్ తైమూరు కాలం నాటి పెద్ద సేనాని, 1419లో చనిపోయాడు. అక్కడివరకు చరిత్రకు అందుతుంది. ఆ పైన మాత్రం వాళ్ళ వంశవృక్షం ఖలీఫా అబూ బకర్ దాకా వెళుతుంది. అది గౌరవం కోసం తర్వాత అతికించుకున్న కొమ్మ. మన రాజులు శాసనాల్లో తమ వంశాన్ని సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో మొదలుపెట్టించినట్టే ఇదీ.

ఇక యూసుఫ్‌కి మాస్కో అంటే మంట. దానికి కారణం కూతురు. ఆమె కథ నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ వేదికలోనే ఉన్నారు. కజాన్‌లో చదువుకున్న డాక్టరమ్మ గారూ, మీరే చెప్పాలి.

కజాన్ డాక్టరమ్మ · శనివారం, ఉదయం 6:15

మాస్టారు పిలిస్తే పలక్కుండా ఉంటానా! గుంటూరు నుంచి వైద్యం చదవడానికి వెళ్ళి రష్యాలో వోల్గా ఒడ్డున ఉన్న కజాన్‌లో ఆరేళ్ళు ఉన్నాను. అక్కడి కోటలో సుయుంబికె బురుజు అని ఎర్ర ఇటుకల కట్టడం ఉంది. 58 మీటర్ల ఎత్తు, ఏడు అంతస్తులు. కొద్దిగా ఒరిగి ఉంటుంది, ఒరిగిందని కంటికే తెలుస్తుంది. డ్యూటీ ముగించుకుని చలికాలం సాయంత్రాలు ఆ పక్కనుంచే నడిచి వెళ్ళేదాన్ని.

ఆ సుయుంబికె ఈ యూసుఫ్ కూతురే. కజాన్ ఖాన్ సఫా గిరాయ్ భార్య. 1549లో ఖాన్ చనిపోతే, పసివాడైన కొడుకు ఉతామిష్ తరఫున రెండేళ్ళు రాజ్యం నడిపింది. 1551లో కజాన్ పెద్దలే మాస్కోతో రాజీ కుదుర్చుకుని తల్లినీ కొడుకునీ అప్పగించేశారు. మరుసటి ఏడు, 1552లో, ఇవాన్ జార్ సేనలు కజాన్‌ను పట్టుకున్నాయి.

అక్కడ టాటర్ (కజాన్ ప్రాంతపు టర్కిక్ జాతి) పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఇవాన్ ఆమెను పెళ్ళాడతానన్నాడట. ఏడు రోజుల్లో ఏడంతస్తుల బురుజు కట్టిస్తే సరేనంది. కట్టించాడు. ఆమె పైకెక్కి ఊరిని ఒకసారి కళ్ళారా చూసుకుని కిందికి దూకేసిందట. నా రూమ్మేట్ నాకు ఈ కథ చెబుతూ కన్నీళ్ళు పెట్టుకుంది. నిజానికి ఆ బురుజు ఆమె కాలానికి చాలా తర్వాతిది, నూరేళ్ళు దాటాకే కట్టారు. నిజంగా జరిగింది కథకంటే దయలేనిది. పిల్లవాణ్ణి తల్లి దగ్గరనుంచి లాక్కుని బాప్తిస్మం ఇప్పించి అలెక్సాండర్ అని పేరు పెట్టారు. తల్లిని ఇష్టం లేకుండా షా అలీ అనే మాస్కో పక్షపు ఖాన్‌కి కట్టబెట్టారు. పిల్లవాడు యవ్వనంలోకి అడుగుపెట్టేసరికే చనిపోయాడు. మాస్కో కోటలో జార్‌లను పాతిపెట్టే గుడిలోనే అతని సమాధి ఉంది. తండ్రి యూసుఫ్ కూతుర్నీ మనవణ్ణీ పంపమని మాస్కోకు లేఖల మీద లేఖలు రాశాడు. పంపలేదు.

కాబట్టి యూసుపోవ్‌ల ఇంట్లో మొదట పేరు మార్చుకున్నది ఆ పసివాడు. ఆడపడుచు కొడుకు.

లంకల పాఠకుడు · శనివారం, ఉదయం 8:02

డాక్టరమ్మ గారూ, ఇది చదివాక టీ చల్లారిపోయింది. మరి మాస్కో మీద అంత పగ ఉన్నవాడి పిల్లలు మాస్కో దొరలెలా అయ్యారు?

రాజమండ్రి మాస్టారు · శనివారం, ఉదయం 11:30

దాయాదుల పోరువల్ల. యూసుఫ్ తమ్ముడు ఇస్మాయిల్ మాస్కో మనిషి. 1550ల నడుమ అన్నను చంపించి గద్దె ఎక్కాడు. ఆ తర్వాత యూసుఫ్ కొడుకుల్లో ఇద్దరు, ఇల్-ముర్జా, ఇబ్రహీం ముర్జా, మాస్కోకి చేరారు. ముర్జా అంటే వాళ్ళలో దొరబిడ్డ. పినతండ్రి పొలిమేరల్లో ఉంటే ప్రాణాలకు ముప్పు, మాస్కో వైపునుంచి చూస్తే వీళ్ళు చేతిలో ఉన్న పందెపు కాయలు. ఇవాన్ వీళ్ళకు వోల్గా ఒడ్డున ఉన్న రొమానోవ్ అనే ఊరి రాబడి రాసిచ్చాడు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ రొమానోవ్ ఊరికీ రొమానోవ్ జార్‌లకూ ఏ సంబంధమూ లేదు. జార్‌ల ఇంటిపేరు రొమాన్ యూర్యెవిచ్ అనే పెద్దమనిషి పేరునుంచి వచ్చింది. ఆయన కూతురు అనస్తాసియానే 1547లో ఇవాన్ పెళ్ళాడాడు. ఈ ఊరు వేరు, 1918లో దాని పేరు తుతాయెవ్ అని మార్చారు. ఆ ఊరి పేరుతో రొమానోవ్ జాతి గొర్రెలు ఇప్పటికీ ప్రపంచమంతా పెంచుతున్నారు.

నూరేళ్ళకు పైగా ఆ కుటుంబం ముస్లింలుగానే ఉండి జార్‌ల కొలువు చేసింది, యుద్ధాలకు వెళ్ళింది. కింద పొలం దున్నే రైతులు మాత్రం రష్యన్ క్రైస్తవులు. ఈ ముడి ఎప్పుడో ఒకప్పుడు తెగాల్సిందే. 1681లో తెగింది.

అప్పుడు ఇంటిపెద్ద అబ్దుల్-ముర్జా. రష్యా చర్చికి పెద్ద అయిన యోఆకీం ఆయన ఇంటికి విందుకొచ్చాడు. అది ఉపవాస దినం, మాంసం ముట్టకూడదు, చేప తినొచ్చు. ముర్జాకి ఆ సంగతి తెలియక పెద్దబాతును వండించాడు. అతిథి తృప్తిగా తిని, 'చేప ఎంత బాగుందో' అన్నాడట. గృహస్థు పొంగిపోయి, 'అది చేప కాదు స్వామీ, పెద్దబాతు, మా వంటవాడి చేతి చలవ' అన్నాడట. ఇంకేముంది, సంగతి జార్ ఫ్యోదర్ చెవిన పడింది, ఆస్తంతా జప్తు అన్నారు. ముర్జా మూడు రోజులు ఆలోచించి బాప్తిస్మం తీసుకుని ద్మీత్రీ అయ్యాడు. ఆస్తి తిరిగొచ్చింది. ప్రిన్స్ బిరుదు, రష్యన్‌లో క్న్యాజ్, కూడా దక్కింది.

పాత పుస్తకాల అర · శనివారం, మధ్యాహ్నం 2:10

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అభ్యంతరం చెబుతున్నాను. బాతు కథ ఆ కుటుంబం తరతరాలుగా చెప్పుకున్న కథ. దాన్ని చరిత్రలా చెబితే అసలు సంగతి మరుగున పడుతుంది.

అదే 1681లో జార్ ఫ్యోదర్ ఫర్మానా ఒకటుంది. బాప్తిస్మం తీసుకోని ముర్జాల చేతిలో క్రైస్తవ రైతులున్న భూములు ఉండకూడదు, ఖజానాకి కలిపేయాలి. మతం మారినవాళ్ళకు భూమి, బహుమానం, బిరుదు. అబ్దుల్-ముర్జా ఒక్కడే కాదు, ఆ ఏళ్ళలో ఎన్నో టాటర్ ఇళ్ళు ఇదే దారిలో వెళ్ళాయి. మారనివాళ్ళు భూములు పోగొట్టుకుని, తరాలు గడిచేసరికి మామూలు రైతుల్లోనూ వర్తకుల్లోనూ కలిసిపోయారు. ఒక్క పూట భోజనంలో చేసిన పొరపాటు కాదిది, ప్రభుత్వం తలపెట్టి చేసిన పని.

రాజమండ్రి మాస్టారు · శనివారం, సాయంత్రం 5:45

ఒప్పుకుంటున్నాను. 'అట' అని రాశాను కాని అది చాలదు. ఫర్మానా సంగతి ముందు చెప్పి, కథ తర్వాత చెప్పాల్సింది.

అయినా ఆ కథను పక్కన పడేయలేను. తాతలు భూమి కోసం మతం మారారని ఏ ఇల్లూ పిల్లలకు చెప్పుకోదు. తెలియక చేసిన తప్పుకి శిక్ష పడింది అని చెప్పుకుంటే మనసు కాస్త తేలికవుతుంది. ఆ ఇంట్లో దాంతోపాటు ఇంకో కథ కూడా నడిచింది. మతం మారిన రాత్రి ముర్జాకి కలలో ఒక స్వరం వినిపించిందట. ఇకనుంచి తరానికి ఒక్క మగబిడ్డే ఇరవైయారేళ్ళు దాటి బతుకుతాడని శపించిందట. శాపం నిజమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. రెండువందల ఏళ్ళ తర్వాత కూడా ఆ నిర్ణయం వాళ్ళను ఎక్కడో గుచ్చుతూనే ఉందని మాత్రం ఈ కథ చెబుతోంది.

నామవాచకం · శనివారం, రాత్రి 9:05

ఇంటిపేరు సంగతి అడిగారు కదా, ఆ వైపునుంచి కొంచెం చెబుతాను.

రష్యన్ ఇంటిపేర్లలో 'ఓవ్' అనేది షష్ఠీ విభక్తి లాంటిది. 'ఎవరి?' అనే ప్రశ్నకు జవాబు. పేరు హల్లుతో ముగిస్తే 'ఓవ్', 'ఎవ్' చేరుతాయి. 'అ'తో ముగిస్తే 'ఇన్' చేరుతుంది. గోలిత్సిన్ అనే ఇంకో పెద్ద ప్రభువుల ఇంటిపేరుంది. పూర్వీకుడొకడికి 'గోలిత్స' అని మారుపేరు ఉండేది, అంటే తోలు చేతితొడుగు. 'గోలిత్స'కు 'ఇన్' కలిసి గోలిత్సిన్ అయింది. అలాగే యూసుప్‌కి 'ఓవ్' కలిసి యూసుపోవ్, అంటే 'యూసుపు గారి'. ఆడవాళ్ళకైతే యూసుపోవా. మొదట్లో వాళ్ళ పేరు ఇంకా పొడవుగా యూసుపోవో-క్న్యాజెవో అని ఉండేది. యూసుపు గారి, దొర గారి అని రెండు షష్ఠులు. తర్వాత రెండోది జారిపోయింది.

మరి 'ఫ' ఎందుకు 'ప' అయింది? స్లావ్ భాషలకు సహజంగా 'ఫ' ధ్వని లేదు, గ్రీకు పేర్లతో వచ్చి చేరింది. చర్చిలో 'ఇయోసిఫ్' అని రాసే పేరునే పల్లె రష్యన్లు 'ఓసిప్' అన్నారు. నొగాయ్‌ల వంటి టర్కిక్ జాతుల నోట కూడా యూసుఫ్ యూసుప్‌గానే పలుకుతుంది. ఇప్పుడు మన తెలుగు బైబిలు తెరవండి. యాకోబు కొడుకు యోసేపు! హీబ్రూ యోసెఫ్, అరబ్బీ యూసుఫ్, రష్యన్ ఓసిప్, తెలుగు యోసేపు, అన్నీ ఒకే మనిషి పేరు. 'ఫ'ను మనమూ 'పు' చేసుకున్నాం. పాఠకుడు గారి నాయనమ్మ 'యూసుపు' అన్నప్పుడు, వోల్గా ఒడ్డున గుమాస్తాలు రాసుకున్న రూపాన్నే పలికింది.

మతం మారినప్పుడు అబ్దుల్ ద్మీత్రీ అయ్యాడు కాని ఇంటిపేరు మారలేదన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. సొంత పేరు వదులుకుని, తాత పేరు ఉంచుకున్నాడు. నిజానికి ఆ తాత పేరే అతను రాజవంశపువాడన్నదానికి రుజువు. అది పోతే ప్రిన్స్ బిరుదుకి ఆధారం లేదు.

ఓరుగల్లు బిడ్డ · ఆదివారం, ఉదయం 7:50

అందరు మంచిగ చెప్తున్నరు. కని నాకొకటి అడగాలనిపిస్తంది. దొరల ఇంటిపేరు ముచ్చట ఇంతగనం చేస్తున్నం గద, వాళ్ళ పొలాలల్ల చాకిరి చేసినోళ్ళకు ఇంటిపేర్లు ఉండెనా? మా తాత వెట్టి చేసిండు. దొర గడి ముందుకెల్లి పోతుంటే చెప్పులు చేతుల పట్టుకుని నడిచెటోడట. అందుకే నాకు ఆ దిక్కు పాణం గుంజుతది.

పాత పుస్తకాల అర · ఆదివారం, ఉదయం 10:20

అన్నా, అడగాల్సిన ప్రశ్న అడిగారు. చాలామందికి లేవు. 1861లో రష్యాలో అర్ధబానిసత్వం రద్దయ్యేదాకా రైతుల్ని 'ఆత్మలు' అని లెక్కపెట్టేవాళ్ళు, భూమితో కలిపి అమ్మేవాళ్ళు, తాకట్టు పెట్టేవాళ్ళు. దొరల పుస్తకాల్లో వాళ్ళకు సొంత పేరు, తండ్రి పేరు ఉంటే చాలు. విముక్తి తర్వాత కాగితాల మీద ఇంటిపేరు కావలసి వచ్చినప్పుడు తాత పేరో, పనిముట్టు పేరో, ఊరి పేరో పెట్టుకున్నారు. పాత దొర ఇంటిపేరే తగిలించుకున్నవాళ్ళూ ఉన్నారు.

యూసుపోవ్‌ల విషయానికొస్తే నికొలాయ్ బొరీసొవిచ్ యూసుపోవ్ అని ఒకాయన ఉన్నాడు. 1831లో చనిపోయాడు. యూరప్ అంతా తిరిగి బొమ్మలు, శిల్పాలు, పుస్తకాలు పోగుచేశాడు, ప్రభుత్వ నాటకశాలలకు అధికారిగా చేశాడు. 1810లో మాస్కో దగ్గర అర్ఖాంగెల్‌స్కొయె అనే ఎస్టేటు కొని దాన్ని ఒక అద్భుతంగా తీర్చాడు. ఎవరినుంచి కొన్నాడో తెలుసా, పైన చెప్పిన గోలిత్సిన్‌ల నుంచే. అక్కడ 1818లో నాటకశాల కట్టించి పియెత్రో గొంజాగా అనే ఇటలీ చిత్రకారుడి చేత తెరలు వేయించాడు. ఆ తెరల్లో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. రష్యా మహాకవి పుష్కిన్ చిన్నతనంలో ఆయన ఇంటివాళ్ళు మాస్కోలో యూసుపోవ్‌ల ఆవరణలోనే అద్దెకు ఉన్నారు. పెద్దయ్యాక, 1830లో, ఈ ముసలి ప్రభువును ఉద్దేశించి కవిత రాశాడు.

అంత సొగసుగా బతికిన ఆ మనిషి దగ్గర ఆడినవాళ్ళు, పాడినవాళ్ళు, పింగాణీ మీద పూలు దిద్దినవాళ్ళు అందరూ ఆయన సొత్తే. ఎస్టేటుకొచ్చే అతిథులకు వాళ్ళ ముఖాలు తెలుసు. పేర్లు తెలుసుకున్నవాళ్ళు తక్కువ. అర్ఖాంగెల్‌స్కొయె అందం గురించి ఎప్పుడు రాసినా ఈ మాట కలిపి రాయాలనే నేను అనుకుంటాను.

ఓరుగల్లు బిడ్డ · ఆదివారం, ఉదయం 10:41

సంతోషమన్నా. ఇది ఇనాలనే అడిగిన.

లంకల పాఠకుడు · ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఓరుగల్లు అన్నకు నా దండాలు. ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

మరి సుమరోకోవ్-ఎల్‌స్టన్ చిక్కు ఎవరైనా విప్పుతారా?

రాజమండ్రి మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఇది కాస్త చుట్టు తిరిగి చెప్పాలి, ఓపిక పట్టండి.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి యూసుపోవ్‌ల ఇంట మగసంతు ఆగిపోయింది. అర్ఖాంగెల్‌స్కొయె కొన్నాయన మనవడు, అతని పేరూ నికొలాయ్ బొరీసొవిచ్చే, 1891లో చనిపోయాడు. మగవాళ్ళలో అతనే ఆఖరు. ఇద్దరు కూతుళ్ళు. చిన్నది తత్యానా ఇరవైరెండేళ్ళకే జబ్బుచేసి పోయింది. పెద్దమ్మాయి జినయీదా. రష్యాలోకెల్లా ధనిక వారసురాళ్ళలో ఒకామె. విదేశీ రాజకుమారుల సంబంధాలు వచ్చినా కాదని, 1882లో ఫెలిక్స్ సుమరోకోవ్-ఎల్‌స్టన్ అనే సైనికాధికారిని ఇష్టపడి చేసుకుంది.

ఈ అల్లుడి ఇంటిపేరు కథ మరీ విచిత్రం. అతని తండ్రి 1820లో పుట్టాడు. తల్లిదండ్రులెవరో బయటికి చెప్పలేని పుట్టుక. రాజుల పేర్లు కలుపుతూ పుకార్లు నడిచాయి, ఏదీ తేలలేదు. అతనికి ఎల్‌స్టన్ అని ఎక్కడా లేని పేరొకటి పెట్టారు. రష్యా ప్రభువులకు ఇలాంటి బిడ్డల విషయంలో ఒక అలవాటుండేది. ఇంటిపేరు పూర్తిగా ఇవ్వరు, తల కొట్టేసి ఇస్తారు. త్రుబెత్స్‌కొయ్ గారి బిడ్డ బెత్స్‌కొయ్, రెప్నిన్ గారి బిడ్డ ప్నిన్. ఎల్‌స్టన్‌కి ఆ సగం పేరు కూడా దక్కలేదు. కాని చురుకైనవాడు. సైన్యంలో పైకొచ్చి, కుబాన్ కొసాక్కులనే సరిహద్దు సైనికులకు అతమాన్, అంటే నాయకుడు, అయ్యాడు. కొడుకులు లేని సుమరోకోవ్ కౌంటు కూతురిని పెళ్ళాడాడు. 1856లో జార్ అనుమతితో మామగారి ఇంటిపేరు, బిరుదు తన పేరుకి ముందు చేర్చుకున్నాడు. అలా సుమరోకోవ్-ఎల్‌స్టన్.

అతని కొడుకూ అదే పని చేశాడు. జినయీదాను పెళ్ళాడినందుకు మూడో అలెక్సాండర్ జార్ హయాంలో 'ప్రిన్స్ యూసుపోవ్, కౌంట్ సుమరోకోవ్-ఎల్‌స్టన్' అనిపించుకునే అనుమతి పొందాడు. తండ్రీకొడుకులిద్దరూ భార్యల వైపు పేరు తీసుకున్నవాళ్ళే. ఒక షరతుంది. ప్రిన్స్ యూసుపోవ్ అన్నది తరానికి పెద్దకొడుకు ఒక్కడికే.

మన దగ్గర ఇల్లరికం ఉంది కదా. అల్లుడు అత్తవారింట కొడుకులా ఉండి ఆస్తిలో వాటా తీసుకుంటాడు, ఇంటిపేరు మాత్రం సాధారణంగా తనదే. ఇంటిపేరు నిలవాలంటే దత్తత తీసుకోవాల్సిందే. రష్యాలో మాత్రం జార్ సంతకం పెడితే ఇంటిపేరే అల్లుడి మీదికి దిగుతుంది.

జినయీదాకి బతికిన కొడుకులు ఇద్దరు. పెద్దవాడు నికొలాయ్. 1908లో పెళ్ళయిన ఒక స్త్రీ ప్రేమ విషయమై ద్వంద్వయుద్ధంలో ఆమె భర్త తూటాకి చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవైయారు నిండలేదు. ఇంటి శాపం కథ మళ్ళీ అందరి నోళ్ళలో పడింది. పేరు, బిరుదు, ఆస్తి అన్నీ రెండోవాడైన ఫెలిక్స్‌కి వచ్చాయి. మీరు రాస్పుటిన్ కథలో చదివిన ఫెలిక్స్ అతనే.

కజాన్ డాక్టరమ్మ · ఆదివారం, సాయంత్రం 6:00

అర్ఖాంగెల్‌స్కొయెకి ఒకసారి వెళ్ళాను. పెద్దకొడుకు పోయాక జినయీదా అక్కడ వంశానికి సమాధి మందిరం ఒకటి మొదలుపెట్టించింది. రెండు చేతులు చాచినట్టు అర్ధవలయంలో స్తంభాలు. 1909లో మొదలై 1916కి పూర్తయింది. మరుసటి ఏడే విప్లవం. అందులో ఒక్కరినీ పాతిపెట్టలేదు. తల్లి 1939లో ఫ్రాన్సులో పోయింది. పారిస్ దగ్గర సెంత్-జెనెవియెవ్-దె-బువా శ్మశానంలో ఆమె, ఫెలిక్స్, అతని భార్య ఇరీనా ఒకే సమాధిలో ఉన్నారు. ఆ ఖాళీ స్తంభాల మధ్య నిలబడినప్పుడు కోడలిగా కాక ఇంటి బిడ్డగా వంశం మోసిన ఆ తల్లి గురించే ఆలోచించాను.

వకీలు 62 · ఆదివారం, రాత్రి 8:35

నేను ఈ వేదికలో చదవడమే కాని రాయడం తక్కువ. కాని ఇంటిపేరు గురించి ఇంత చర్చ జరిగి ఆ కోర్టు కేసు రాకపోతే ఎలా?

రాస్పుటిన్ హత్య తర్వాత జార్ ఫెలిక్స్‌ని రకీత్నొయె ఎస్టేటుకి పంపేశాడు. విప్లవం వచ్చాక 1919 ఏప్రిల్‌లో యాల్టా రేవునుంచి మార్ల్‌బరో అనే బ్రిటిష్ యుద్ధనౌకలో ఆ కుటుంబం దేశం విడిచింది. వెంట తెచ్చుకున్నవాటిలో రెంబ్రాంట్ చిత్రాలు రెండు. అవి ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. పారిస్‌లో భార్యాభర్తలు 1924లో ఇర్ఫె అనే దుస్తుల దుకాణం పెట్టారు. ఇరీనాలో 'ఇర్', ఫెలిక్స్‌లో 'ఫె'. వంశం పేరు కాకుండా తమ పేర్లతో వాళ్ళు కట్టుకున్న పేరు అదొక్కటే.

1932లో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం రాస్పుటిన్ మీద చిత్రం తీసింది. అందులో నతాషా అనే రాజకుమారి పాత్ర. రాస్పుటిన్ ఆమెను చెరిచినట్టు సూచించారు. అతన్ని చంపే ప్రభువు ఆమెకు కాబోయే భర్త. ఎక్కడా యూసుపోవ్ అన్న మాట లేదు. కాని రాస్పుటిన్‌ని చంపింది ఎవరో లోకానికంతటికీ తెలుసు, అతని భార్య ఎవరో కూడా తెలుసు. ఇరీనా ఆ రాత్రి క్రిమియాలో ఉంది, రాస్పుటిన్‌ని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. ఆమె లండన్‌లో పరువునష్టం దావా వేసింది. 'పాత్ర పేరు వేరు, మీకేం సంబంధం?' అన్నది ప్రతివాదుల వాదన. తెలిసినవాళ్ళు చూస్తే ఆమే అనుకుంటారా లేదా అన్నదే ప్రశ్న అని తేలింది. జ్యూరీ 25,000 పౌండ్లు ఇప్పించింది. 1934లో అప్పీలు కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. పరువు నష్టాల న్యాయశాస్త్రంలో ఇప్పటికీ చదివే తీర్పు అది. నేను న్యాయ కళాశాలలో మొదటిసారి ఈ పేరు విన్నది అందులోనే.

ఆ చిత్రం మొదట్లో, ఈ పాత్రల్లో కొందరు ఇంకా బతికే ఉన్నారన్న అర్థంలో ఒక ప్రకటన వేశారు. అది వాళ్ళ మెడకే చుట్టుకుంది. ఆ దెబ్బతో సంస్థలన్నీ దానికి తిరగేసి వేయడం మొదలుపెట్టాయి. మన తెలుగు సినిమా మొదట్లో కనిపించే 'ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం, ఎవరినీ ఉద్దేశించినవి కావు' అన్న అక్షరాలకు మూలం అదే.

లంకల పాఠకుడు · ఆదివారం, రాత్రి 9:10

వకీలు గారూ, ఒళ్ళు జలదరించింది. చిన్నప్పటినుంచి మా ఊరి టూరింగ్ టాకీస్‌లో ఆ అక్షరాలు చూస్తూనే ఉన్నాను. దాని వెనక ఒక నొగాయ్ యూసుఫ్ ఇంటి కోడలు ఉందని ఎన్నడైనా అనుకున్నానా!

చదరంగం చాప · ఆదివారం, రాత్రి 9:32

చిన్న సందేహం. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ ఆర్తుర్ యూసుపోవ్ కూడా ఈ వంశమేనా? ఆయన రాసిన పాఠాలతోనే నేను ఆట నేర్చుకున్నాను.

నామవాచకం · ఆదివారం, రాత్రి 10:00

కాదండీ. ఈ ప్రభువుల శాఖ మగసంతు 1891లోనే ఆగింది. ఇంటిపేరు మాత్రం టాటర్లలో, ఉజ్బెకుల్లో, దగెస్తాన్ వాళ్ళలో చాలా మామూలు. యూసుఫ్ అనే తాత ఏ ఇంట్లో ఉన్నా, రష్యన్ గుమాస్తా 'ఓవ్' చేర్చి రాస్తే యూసుపోవే. మనలో ఒకే ఇంటిపేరు, వేరు వేరు గోత్రాలు ఉండవూ? అలాగే.

ఇంకో మాట. తెలుగులో దీన్ని ఎలా రాయాలని పాఠకుడు గారు నాకు విడిగా రాసి అడిగారు. అందరికీ పనికొస్తుందని ఇక్కడే చెబుతున్నాను. అక్షరం ప్రకారం యూసుపోవ్, తెలుగులో అందరూ రాసేది అదే, అలాగే రాయండి. రష్యన్ నోట మాత్రం బలం 'సు' మీద పడుతుంది. తర్వాతి 'ఓ' కుంగిపోతుంది. మాట చివరి 'వ్' ఊపిరిగా మారి 'ఫ్' అవుతుంది. వాళ్ళు పిలిస్తే 'యుసూపఫ్' అని వినిపిస్తుంది. పారిస్ చేరిన ఆ కుటుంబం తమ పేరును ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్నప్పుడు చివర రెండు 'ఫ'లు పెట్టింది. లండన్ కోర్టు కాగితాల్లోనూ అలాగే ఉంది. వోల్గా ఒడ్డున యూసుఫ్ పేరు మధ్యలోంచి పోయిన ధ్వని, నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఆ పేరు చివరకొచ్చి చేరింది.

లంకల పాఠకుడు · సోమవారం, ఉదయం 5:50

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. యూసుఫ్ గారి అబ్బాయి ఇప్పటికీ రేవు దగ్గర కొట్టు నడుపుతున్నాడు. ఇవాళ పాలకి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పి వస్తాను.